ఇంటి బాయిలర్‌తోనే కుళాయికి వేడినీళ్లు: అమరిక, సెట్టింగులు, జాగ్రత్తలు

గదులు వెచ్చగా ఉంచడానికి బాయిలర్ పెట్టుకుని, స్నానానికీ గిన్నెలు కడగడానికీ మాత్రం విడిగా కరెంటు గీజరు నడిపే ఇళ్లు చాలా ఉన్నాయి. చాలాసార్లు ఆ రెండో యంత్రం అవసరమే ఉండదు. రేడియేటర్లకు వేడి పంపే బాయిలర్ శక్తి ముందు మామూలు గీజరు శక్తి చాలా తక్కువ. బాయిలర్ పక్కన సరైన ట్యాంకు ఒకటి పెట్టి, రెండు మూడు సెట్టింగులు జాగ్రత్తగా చూసుకుంటే ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసినా నీళ్లు చల్లబడవు.

ఈ విషయంలో నేను పట్టుబట్టి చెప్పేది ఒకటే. ట్యాంకులో నీళ్లు బాగా వేడిగా ఉండాలి, కుళాయి దగ్గరికి వచ్చేసరికి ఒళ్లు కాలని వేడికి దిగాలి. ఆ తేడాను చూసుకునే చిన్న వాల్వు (వేడినీళ్లలో చన్నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వు) లేకపోతే ఎంత మంచి ట్యాంకు పెట్టినా పని సగంలో ఉన్నట్టే. మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా తర్వాత సర్దుకోవచ్చు.

గ్యాస్ లైను, ఆయిల్ లైను, బర్నరు, పొగగొట్టం జోలికి మీరు సొంతంగా వెళ్లకండి. అది లైసెన్సు ఉన్న మెకానిక్ పని. ప్రెషర్‌తో ఉండే వేడినీళ్ల ట్యాంకు బిగించడానికి కూడా చాలాచోట్ల నిబంధనలు ఉంటాయి. అయినా ఈ వివరాలు మీకు తెలిసి ఉండాలి. ఎంత పెద్ద ట్యాంకు అడగాలి, పని అయ్యాక ఏమేం సరిచూసుకోవాలి, రోజూ ఎలా వాడాలి అన్నవి తేల్చుకోవాల్సింది ఆ ఇంట్లో ఉండేవాళ్లే.

మొదటి అడుగు: మీ బాయిలర్ ఏ రకమో చూడండి

బాయిలర్ కిందివైపు పైపులు లెక్కపెడితే సగం సంగతి తెలిసిపోతుంది. రేడియేటర్లకు వెళ్లే పైపు, తిరిగి వచ్చే పైపు, ఇంధనం పైపు కాక, చన్నీళ్లు లోపలికి వచ్చే పైపు, వేడినీళ్లు కుళాయిలకు వెళ్లే పైపు కూడా బాయిలర్‌కే తగిలించి ఉంటే, పక్కన ట్యాంకు ఏదీ లేకపోతే, అది కాంబి బాయిలర్. కుళాయి తిప్పగానే నీళ్లు కదులుతున్నాయని లోపలి సెన్సర్ పసిగడుతుంది, బర్నర్ వెలుగుతుంది, పలచటి రేకుల మధ్య నుంచి పోతూ నీళ్లు అప్పటికప్పుడు వేడెక్కుతాయి. ఇలాంటిది మీ ఇంట్లో ఇప్పటికే ఉంటే ట్యాంకు ఆలోచన పక్కన పెట్టండి. మీకు కావలసింది సెట్టింగులే, వాటి సంగతి కింద వేరుగా చెప్పాను.

రెండో రకం పాతకాలపు పెద్ద బాయిలర్లు. వీటిలో బాయిలర్ నీళ్లలోనే ఒక రాగి కాయిల్ మునిగి ఉంటుంది. కుళాయి నీళ్లు అందులోంచి పోతూ వేడెక్కుతాయి. చూడ్డానికి తేలిక ఏర్పాటే, కానీ ఎవరు ఎప్పుడు కుళాయి తిప్పుతారో తెలియదు కాబట్టి బాయిలర్‌ను ఏడాది పొడుగునా, వేసవిలో కూడా, వేడిగా ఉంచాల్సిందే. ఇంధనం వృథా. పైగా కాయిల్ లోపల సున్నం గార కట్టేకొద్దీ నీళ్ల వేడి తగ్గుతూ పోతుంది. ఈ రకం మీ దగ్గర ఉంటే ఆ కాయిల్ వాడటం మానేసి పక్కన ట్యాంకు పెట్టించుకోండి. నా దృష్టిలో పాత బాయిలర్‌కు చేయించదగ్గ మార్పుల్లో ఇదే మొదటిది.

మూడోది, కుళాయి నీళ్లతో ఏ సంబంధమూ లేకుండా గదులను మాత్రమే వెచ్చబరిచే బాయిలర్. ఇలాంటి వాళ్లకు, రెండో రకం వాళ్లకు ఈ వ్యాసం ఎక్కువగా పనికొస్తుంది.

కట్టెల బాయిలర్ అయితే ఒక తేడా గుర్తుంచుకోండి. గ్యాస్ బర్నర్‌లా కట్టెల మంట అనుకున్న క్షణాన ఆరదు. ట్యాంకు 60 డిగ్రీలకు చేరాక కూడా వేడి వస్తూనే ఉండవచ్చు, నీళ్లు 80 డిగ్రీలు దాటవచ్చు. మిగిలిన వేడిని రేడియేటర్లలోకో పెద్ద నిల్వ ట్యాంకులోకో వదిలే దారి ఉండాలి. కుళాయి ముందు మిక్సింగ్ వాల్వు లేకుండా ఆ నీళ్లు ఎవరి చేతిమీదా పడకూడదు.

రెండు రకాల నీళ్లు, ఎప్పటికీ కలవవు

బాయిలర్, రేడియేటర్ల మధ్య తిరిగే నీళ్లు వేరు, కుళాయిలో వచ్చే నీళ్లు వేరు. మొదటివి ఏళ్ల తరబడి అవే తిరుగుతుంటాయి. వాటిలో తుప్పు పట్టకుండా కలిపిన మందులు ఉంటాయి, నల్లటి ఇనప మడ్డి ఉంటుంది. రెండోవి మీ ఒంటిమీద పోసుకునేవి. ట్యాంకు లోపల పాములా చుట్టిన కాయిల్ ఈ రెండింటి మధ్య గోడ. బాయిలర్ నుంచి వచ్చిన వేడినీళ్లు కాయిల్ లోపల తిరుగుతాయి, కుళాయి నీళ్లు దాని బయట ట్యాంకులో ఉంటాయి. లోహం గుండా వేడి మాత్రమే దాటుతుంది.

ట్యాంకుకు ఒక సెన్సర్ ఉంటుంది. నీళ్లు పెట్టిన డిగ్రీల కంటే తగ్గగానే అది బాయిలర్‌ను పిలుస్తుంది. బర్నర్ వెలుగుతుంది, ట్యాంకు పంపు తిరుగుతుంది లేదా ట్యాంకు వైపు వాల్వు తెరుచుకుంటుంది. వేడి చేరగానే అన్నీ ఆగిపోతాయి.

ఎంత ట్యాంకు కావాలో లెక్క వేయండి

ఇక్కడ చాలామంది ఊహతో పోతారు. మనుషుల్ని లెక్కపెట్టి, మనిషికి ఇన్ని లీటర్లని గుణించి, అక్కర్లేనంత పెద్ద ట్యాంకు కొంటారు. గీజరుకు ఆ లెక్క సరే. బాయిలర్ ట్యాంకుకు నిల్వ ఎంత ముఖ్యమో, వాడుతుండగానే తిరిగి ఎంత వేగంగా వేడెక్కుతుందో కూడా అంతే ముఖ్యం.

లెక్క కష్టమేం కాదు. లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి 1.163 వాట్ అవర్లు కావాలి. 150 లీటర్ల ట్యాంకులో 15 డిగ్రీల నీళ్లను 60కి తీసుకురావాలంటే 45 డిగ్రీలు పెంచాలి. 150ని 45తో, దాన్ని 1.163తో గుణిస్తే సుమారు 7,850 వాట్ అవర్లు, అంటే 7.85 కిలోవాట్ అవర్లు. 2 కిలోవాట్ల గీజరుకు దీనికి దాదాపు 4 గంటలు పడుతుంది. కాయిల్ ద్వారా 20 కిలోవాట్లు అందించే బాయిలర్‌కు 24 నిమిషాలు చాలు.

ఇప్పుడు మీ షవర్ కొలవండి. బకెట్ కింద పెట్టి, మామూలుగా ఎంత తిప్పుతారో అంతే తిప్పి, ఒక నిమిషంలో ఎన్ని లీటర్లు వచ్చాయో చూడండి. నిమిషానికి 9 లీటర్లు వచ్చాయనుకుందాం. స్నానానికి 40 డిగ్రీల నీళ్లు చాలు. ట్యాంకులో 60, చన్నీళ్లు 15 అయితే ఆ 9 లీటర్లలో 5 లీటర్లు ట్యాంకువి, 4 లీటర్లు చన్నీళ్లు. అంటే షవర్ నడుస్తున్నంతసేపూ ట్యాంకు నుంచి నిమిషానికి 5 లీటర్లు పోతున్నాయి. ఇటు 20 కిలోవాట్లు నిమిషానికి 6.4 లీటర్లను 15 నుంచి 60కి తేగలవు. పోతున్న దానికన్నా వస్తున్నదే ఎక్కువ. అందుకే ఒక్క బాత్రూమ్ ఉన్న ఇంటికి 120 లీటర్ల ట్యాంకు కూడా హాయిగా సరిపోతుంది.

లెక్క ఎక్కడ తప్పుతుందంటే, రెండు షవర్లు ఒకేసారి నడిచినప్పుడు, పెద్ద తొట్టి నింపినప్పుడు. తొట్టికి 40 డిగ్రీల నీళ్లు 180 లీటర్లు కావాలంటే, పైన చెప్పిన నిష్పత్తి ప్రకారం ట్యాంకు నుంచి 100 లీటర్లు పోతాయి. అదీ పది నిమిషాల్లోపే. అలాంటి వాడకం ఉంటే 200 లీటర్లకు వెళ్లండి.

బాయిలర్ శక్తి ఒక్కటే చూసి సంబరపడకండి. కాయిల్ ఎంత వేడిని దాటించగలదో ట్యాంకు లేబుల్ మీద కిలోవాట్లలో ఉంటుంది. బాయిలర్ 24 కిలోవాట్లది, కాయిల్ 12 కిలోవాట్లది అయితే మీకు దక్కేది ఆ 12 మాత్రమే. మిగతా వేడి పోయే దారి లేక, మంట తగ్గించుకోలేని బాయిలర్ అయితే నిమిషానికోసారి వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. దానివల్ల ఇంధనమూ వృథా, భాగాలూ త్వరగా అరుగుతాయి. ఒకే సైజు ట్యాంకులు రెండు కనిపిస్తే కాయిల్ పెద్దగా ఉన్నదే తీసుకోండి.

ట్యాంకు చోటు, పైపులు

బాయిలర్‌కు దగ్గరగా, నీళ్లు పోయే కాలువ గానీ మోరీ గానీ ఉన్న చోట పెట్టించండి. 150 లీటర్ల ట్యాంకు నిండితే నీటి బరువే 150 కిలోలు, దానికి ట్యాంకు బరువు అదనం. చెక్క నేల అయితే మోయగలదో లేదో కనుక్కోండి. ట్యాంకు పైన కొంత ఖాళీ ఉంచడం మరిచిపోతుంటారు. ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడే లోపలి ఆనోడ్ రాడ్ తీసి మార్చాలంటే ఆ ఖాళీ కావాలి.

పని అయ్యాక ప్లంబర్ వెళ్లకముందే ఒక్కసారి ట్యాంకు ముందు నిలబడి ఇవన్నీ ఉన్నాయో లేదో చూడండి:

- చన్నీళ్లు ట్యాంకు అడుగుకు చేరేలా, వేడినీళ్లు పైనుంచి బయటికి వచ్చేలా పైపులు
- చన్నీళ్ల పైపు మీద ఒక ఆపే వాల్వు, ట్యాంకు ఖాళీ చేయడానికి అడుగున ఒక కుళాయి
- చన్నీళ్ల వైపు ఎక్స్‌పాన్షన్ ట్యాంకు
- ప్రెషర్ గానీ వేడి గానీ హద్దు మీరితే తెరుచుకునే సేఫ్టీ వాల్వు, దాని నుంచి కిందికి దిగే పైపు
- వేడినీళ్లు బయటికి వచ్చే దారిలో మిక్సింగ్ వాల్వు
- బాయిలర్ నుంచి కాయిల్‌కు వెళ్లే లైనులో నీళ్లు వెనక్కి పోకుండా చెక్ వాల్వు, గాలి తీసే చోటు

వీటిలో ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, సేఫ్టీ వాల్వు గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 15 నుంచి 60 డిగ్రీలకు వస్తే సుమారు 1.6 శాతం పెరుగుతాయి, 150 లీటర్లకు అది దాదాపు రెండున్నర లీటర్లు. మెయిన్ లైనులోకి వెనక్కి పోకుండా చెక్ వాల్వు అడ్డుంటే ఆ రెండున్నర లీటర్లకు చోటేది? ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో రబ్బరు పొర వెనక ఉన్న గాలి నొక్కుకుని ఆ చోటిస్తుంది. ఆ గాలి ప్రెషర్ మీ ఇంటి నీళ్ల ప్రెషర్‌తో సమానంగా ఉండాలి. కొత్త ట్యాంకును పెట్టె నుంచి తీసి అలాగే బిగించేస్తుంటారు, అది సరికాదు. నీళ్ల ప్రెషర్ కొలిచి, టైరుకు గాలి కొట్టే పంపుతోనే దాన్ని సరిచేసి, ఆ తర్వాత బిగించమనండి.

సేఫ్టీ వాల్వు విషయంలో రాజీ వద్దు. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ పాడై నీళ్లు మరిగే స్థితికి వస్తే ట్యాంకు పేలకుండా కాపాడే చివరి ఆసరా అదే. దాని నుంచి వచ్చే పైపు కిందికే వాలి ఉండాలి, మధ్యలో ఏ వాల్వూ ఉండకూడదు, చివర మూత బిగించకూడదు. చివరి భాగం కంటికి కనిపించాలి, కానీ మనిషి మీదికి నీళ్లు చిమ్మే చోట ఉండకూడదు. కారుతోందని ఎవరైనా ఆ పైపుకు మూత పెడతామంటే ఒప్పుకోకండి. కారడానికి కారణం వేరే ఉంటుంది, అది వెతకాలి.

నీళ్లు నింపడం

ఇక్కడ వరస ముఖ్యం. ముందు కుళాయి నీళ్ల వైపు నింపాలి. ఇంట్లో ఒక వేడినీళ్ల కుళాయి తెరిచి ఉంచి, చన్నీళ్ల వాల్వు మెల్లగా తిప్పండి. మొదట గాలి బుసలు కొడుతూ వస్తుంది, తర్వాత నీళ్లు తెరలు తెరలుగా, చివరికి నిలకడగా. అలా నిలకడ అయ్యాక మరికొన్ని నిమిషాలు పోనిచ్చి కట్టేయండి. కొత్త పైపుల్లోని చెత్తా పోతుంది. ఆ తర్వాత మిగతా కుళాయిలు ఒక్కొక్కటీ.

ఆ తర్వాత బాయిలర్ వైపు. చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ మీటరు మామూలుగా 1 నుంచి 1.5 బార్ మధ్య చూపాలి. కాయిల్‌కు వెళ్లే లైనులో గాలి పూర్తిగా తీయించండి. కొత్తగా పెట్టిన ట్యాంకు వేడెక్కలేదంటే ముందుగా అనుమానించాల్సింది అక్కడ చిక్కుకున్న గాలినే. పంపు తిరుగుతున్న శబ్దం వస్తుంటుంది, నీళ్లు మాత్రం కదలవు.

కొన్ని ట్యాంకుల్లో బాయిలర్ చెడిపోతే వాడుకోవడానికి కరెంటు ఎలిమెంట్ కూడా ఉంటుంది. మంచి ఏర్పాటే. ట్యాంకు నిండకుండా మాత్రం దాని స్విచ్ వేయకూడదు, క్షణాల్లో కాలిపోతుంది.

టెంపరేచర్ సెట్టింగు

ట్యాంకు థర్మోస్టాట్ 60 డిగ్రీల దగ్గర పెట్టండి. 45 పెడితే ఇంధనం కలిసొస్తుంది కదా, ఎలాగూ 40 డిగ్రీల నీళ్లే వాడతాం కదా అనిపిస్తుంది. అలా చేయకూడదు. కారణం లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవాళ్లలో ప్రబలిన న్యుమోనియాతో దీని సంగతి ప్రపంచానికి తెలిసింది. ఇది 20 నుంచి 45 డిగ్రీల మధ్య నీళ్లలో పెరుగుతుంది, 60 డిగ్రీల దగ్గర నిమిషాల్లో చస్తుంది. తాగితే వచ్చే జబ్బు కాదిది. షవర్ తుంపరలతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతే వస్తుంది. వయసు మళ్లినవాళ్లకు, పొగ తాగేవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. గోరువెచ్చని నీళ్లు రోజుల తరబడి నిలవ ఉండే ట్యాంకు దానికి అనువైన చోటు.

ఇక 60 డిగ్రీల నీళ్లు నేరుగా కుళాయిలోకి వస్తే ఏమవుతుంది? పెద్దవాళ్ల చర్మం కూడా 5, 6 సెకన్లలో తీవ్రంగా కాలిపోతుంది. 54 డిగ్రీల దగ్గర ఆ సమయం అర నిమిషం. 49 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు. ఈ మూడు అంకెలు చూస్తే కొన్ని డిగ్రీలు తగ్గించడం ఎంత తేడా తెస్తుందో అర్థమవుతుంది. పసిపిల్లల చర్మం పలచన, ఇంకా త్వరగా కాలుతుంది. వృద్ధులు కాలుతోందని తెలిసినా వెంటనే పక్కకు జరగలేరు.

అందుకే మిక్సింగ్ వాల్వు. ట్యాంకు నుంచి 60 డిగ్రీల నీళ్లు, పక్కనుంచి చన్నీళ్లు తీసుకుని, ఎంత కలపాలో తనంతట తాను చూసుకుంటుంది. దాన్ని 48 డిగ్రీల దగ్గర పెట్టండి. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో 45 దాకా దించినా ఇబ్బంది లేదు. చిన్న ఇల్లయితే ట్యాంకు దగ్గర ఒక్కటి చాలు. పైపులు చాలా దూరం వెళ్తుంటే ట్యాంకు దగ్గర కాకుండా ఒక్కో బాత్రూమ్ దగ్గర ఒక్కో వాల్వు పెట్టడం మేలు. అప్పుడు పైపుల్లో ఉన్నంతసేపూ నీళ్లు వేడిగానే ఉంటాయి, బ్యాక్టీరియాకు అవకాశం తగ్గుతుంది.

వాల్వు మీద ఉన్న అంకెల్ని నమ్మి వదిలేయకండి. ట్యాంకు పూర్తిగా వేడెక్కాక దగ్గరి కుళాయిని రెండు నిమిషాలు వదిలి, గ్లాసులో పట్టి థర్మామీటర్‌తో కొలవండి. జ్వరం చూసే థర్మామీటర్ 42 డిగ్రీల దాకానే చూపిస్తుంది, అది పనికిరాదు. 100 డిగ్రీల దాకా చూపేది కావాలి. వాల్వును కొద్దికొద్దిగా తిప్పి, ప్రతిసారీ ఒక నిమిషం ఆగి మళ్లీ కొలవండి. ఆ తర్వాత మరో గదిలో చన్నీళ్ల కుళాయి పూర్తిగా తిప్పమని ఎవరికైనా చెప్పి, షవర్ వేడి ఎగబాకుతోందేమో చూడండి. మంచి వాల్వు అయితే పెద్ద తేడా రాదు.

బాయిలర్ సెట్టింగు

ట్యాంకులో 60 రావాలంటే కాయిల్‌లోకి వెళ్లే నీళ్లు అంతకంటే వేడిగా ఉండాలి. 70 నుంచి 80 డిగ్రీల మధ్య పెడతారు. కాయిల్ పెద్దదైతే 70తో పని జరిగిపోతుంది.

కండెన్సింగ్ బాయిలర్ ఉన్నవాళ్లు ఇక్కడ కొంచెం ఆగి చదవాలి. ఈ రకం బాయిలర్ పొగలోని ఆవిరిని నీళ్లుగా మార్చి ఆ వేడిని కూడా పట్టుకుంటుంది. గ్యాస్‌తో నడిచేదైతే తిరిగి వచ్చే నీళ్లు దాదాపు 55 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడే అది జరుగుతుంది. రేడియేటర్లకు 50 డిగ్రీలతో నడిపితే బాగా లాభం. ట్యాంకు కోసం 75కి పెంచి, దాన్నే రేడియేటర్లకూ వదిలేస్తే ఆ లాభం మొత్తం పోతుంది. అందుకే కంట్రోలర్‌లో రెండు వేర్వేరు అంకెలు పెట్టించండి: గదులకు ఒకటి, ట్యాంకుకు ఒకటి. మీ బాయిలర్ అలా రెండు అంకెలు ఒప్పుకుంటుందో లేదో ట్యాంకు కొనేముందే అడగండి.

దానితో పాటే వేడినీళ్లకు ప్రాధాన్యం ఇచ్చే సెట్టింగు ఒకటి ఉంటుంది. ట్యాంకు పిలిచినప్పుడు రేడియేటర్లు ఆగి, శక్తి మొత్తం ట్యాంకుకు వెళ్తుంది. గదులు చల్లబడతాయేమోనని టెన్షన్ వద్దు. అరగంటలో గది వేడి పెద్దగా తగ్గదు. ఆ సెట్టింగు లేకపోతే చలికాలం పొద్దున్నే గదులూ షవరూ ఒకేసారి వేడి కోసం పోటీపడి, రెండూ అరకొరగానే నడుస్తాయి.

టైమర్ పెట్టుకోవచ్చు. పొద్దున వాడకానికి గంట ముందు, సాయంత్రం మరోసారి వేడెక్కేలా పెడితే మిగతా సమయంలో బాయిలర్ చీటికిమాటికి వెలగదు. అలా వేడెక్కిన ప్రతిసారీ నీళ్లు 60కి చేరాలి. ఇప్పటి ట్యాంకులకు వేడి బయటికి పోనివ్వని మందపాటి పొర ఉంటుంది కాబట్టి రోజంతా ఆన్‌లో ఉంచినా నష్టం మరీ ఎక్కువేం కాదు. టైమర్ కన్నా ముందు చేయాల్సింది పైపులకు ఫోమ్ తొడుగు వేయడం. ముఖ్యంగా ట్యాంకుకూ బాయిలర్‌కూ మధ్య పైపులు, ట్యాంకు పైనుంచి వచ్చే మొదటి రెండు మీటర్లు.

ఊరికి వెళ్లి కొన్ని వారాల తర్వాత తిరిగి వస్తే, ముందు ట్యాంకును 60కి వేడెక్కనిచ్చి, గంట ఆగి, కిటికీలు తెరిచి, ప్రతి కుళాయినీ షవర్‌నీ కొన్ని నిమిషాలు వదలండి. షవర్ తలను గుడ్డతో చుట్టి నేల మీదికి వదిలితే తుంపరలు లేవవు.

కాంబి వాళ్లకు

నిల్వ లేదు కాబట్టి 60 అక్కర్లేదు, బయటికి వచ్చే నీళ్లు 45 నుంచి 50 మధ్య పెడితే చాలు. మీ ఇబ్బంది వేరు. చలికాలంలో మెయిన్ నీళ్లు 5 డిగ్రీలకు పడిపోతే, వాటిని 45కి తేవడానికి 40 డిగ్రీలు పెంచాలి. 24 కిలోవాట్ల బాయిలర్ అప్పుడు నిమిషానికి 8.6 లీటర్లే ఇవ్వగలదు. అంతకుమించి తిప్పితే నీళ్లు ఎక్కువ వస్తాయి గానీ వేడి తగ్గుతుంది. నీళ్లు చల్లగా వస్తున్నాయని కుళాయి ఇంకా తిప్పడం మన అలవాటు, కాంబి విషయంలో సరిగ్గా దానికి విరుద్ధంగా చేయాలి. కొంచెం కట్టండి, వేడి పెరుగుతుంది. సున్నం ఎక్కువున్న గట్టి నీళ్లు వచ్చే ఇళ్లలో లోపలి రేకుల మధ్య గార కట్టి, నీళ్లు ఒకసారి కాలుతూ ఒకసారి చల్లగా వస్తుంటే, వాటిని శుభ్రం చేయించాల్సిన సమయం వచ్చినట్టే.

ఏడాదికోసారి చూడాల్సినవి

బర్నర్, పొగగొట్టం సర్వీసు చేయించండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. బాయిలర్ ఉన్న చోటా పడకగదుల దగ్గరా అలారం పెట్టి, నెలకోసారి బటన్ నొక్కి చూడండి. అలారం మోగితే కారణం వెతుకుతూ కూర్చోకుండా అందరూ బయటికి వెళ్లి, అక్కడినుంచి ఫోన్ చేయాలి.

సేఫ్టీ వాల్వును సర్వీసుకు వచ్చిన మెకానిక్ చేత తెరిపించి చూడండి. నీళ్లు ధారగా వచ్చి, వదలగానే పూర్తిగా ఆగాలి. ఎనామెల్ పూత ఉన్న ఉక్కు ట్యాంకు అయితే ఆనోడ్ రాడ్ తీసి చూడమనండి. ట్యాంకు బదులు అది కరిగిపోతుంది, దాని పనే అది. చాలావరకు అరిగిపోయి లోపలి తీగ బయటపడితే మార్చేయాలి. స్టెయిన్‌లెస్ ట్యాంకుల్లో చాలావాటికి ఈ రాడ్ ఉండదు. మిక్సింగ్ వాల్వు జల్లెడలు కడిగించి, నీళ్ల వేడి మళ్లీ కొలవండి.

ఇబ్బంది వస్తే ఎక్కడ వెతకాలి

ట్యాంకు వేడిగానే ఉంది, కుళాయిలో మాత్రం గోరువెచ్చగా వస్తోంది అంటే మిక్సింగ్ వాల్వు ముందు పైపునూ తర్వాతి పైపునూ పోల్చి చూడండి. ముందు 60 ఉండి తర్వాత 35 ఉంటే వాల్వులో చెత్త చేరింది లేదా అది పాడైంది.

కుళాయి తిప్పగానే వేడిగా వచ్చి, కొద్ది నిమిషాలకే చల్లబడుతుంటే బాయిలర్ అందుకోలేకపోతోంది. గాలి, మూసుకుపోయిన వాల్వు, పనిచేయని పంపు, కాయిల్ మీద గార, ఈ వరసలో చూడాలి. చన్నీళ్లను అడుగుకు తీసుకెళ్లే లోపలి గొట్టం విరిగినా ఇలాగే అవుతుంది, చన్నీళ్లు పైభాగంలోనే కలిసిపోతుంటాయి.

సేఫ్టీ వాల్వు నీళ్లు వేడెక్కే సమయంలోనే కారి, తర్వాత ఆగిపోతే ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో గాలి పోయినట్టు. ఎప్పుడూ కారుతుంటే వాల్వులో చెత్త ఇరుక్కోవడమో, మెయిన్ ప్రెషర్ ఎక్కువ కావడమో.

వేసవిలో గదుల హీటింగ్ ఆపేసినా ట్యాంకు వేడెక్కుతున్నప్పుడు రేడియేటర్లు వెచ్చబడితే, రేడియేటర్ల వైపు వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదు లేదా చెక్ వాల్వు లేదు.

బాయిలర్ ప్రెషర్ మీటరు తనంతట తాను ఎక్కుతూ పోవడం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. వేడెక్కినప్పుడు బాగా పెరిగి చల్లబడగానే తగ్గితే బాయిలర్ వైపు వేరుగా ఉండే ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో లోపం. చల్లగా ఉన్నప్పుడు కూడా రోజురోజుకూ ఎక్కుతుంటే బయటినుంచి నీళ్లు లోపలికి చేరుతున్నాయి. ముందు బాయిలర్‌లోకి నీళ్లు నింపే వాల్వు గట్టిగా కట్టి చూడండి. అయినా ఎక్కుతుంటే బాయిలర్, కరెంటు ఎలిమెంట్ రెండూ ఆపేసి, ట్యాంకు చన్నీళ్ల వాల్వు కట్టి, ఒక వేడినీళ్ల కుళాయి తెరిచి ట్యాంకు ప్రెషర్ దించి, కొన్ని గంటలు మీటరు గమనించండి. అప్పుడు ఎక్కడం ఆగిపోతే కాయిల్‌కు చిల్లు పడింది. మెయిన్ ప్రెషర్ ఎక్కువ కాబట్టి మామూలుగా కుళాయి నీళ్లే బాయిలర్‌లోకి పోతుంటాయి, కానీ మెయిన్ నీళ్లు ఆగిన రోజు బాయిలర్ నీళ్లు కుళాయిల్లోకి రావచ్చు. ఆ ట్యాంకును వాడటం ఆపేయండి. బాయిలర్ నుంచి కాయిల్‌కు వెళ్లే రెండు వాల్వులూ కట్టించి, చన్నీళ్ల వాల్వు కట్టే ఉంచి, మెకానిక్‌ను పిలవండి.